ఇద్దరూ ఒప్పుకుని విడిపోతున్నప్పుడు: కోర్టుకు ముందు, కోర్టులో, డిక్రీ తర్వాత

ఇక కలిసి ఉండలేమని భార్యాభర్తలిద్దరూ ఒక మాట మీదికి వచ్చాక కోర్టులో మిగిలే పని కొంచెమే. రెండు మూడు వాయిదాలు, జడ్జి అడిగే నాలుగు ప్రశ్నలు, కొన్ని సంతకాలు. అసలు పనంతా కోర్టు మెట్లెక్కకముందు, ఇద్దరి మధ్య రాసుకునే ఒప్పంద పత్రంలో ఉంటుంది. వకీళ్లు దాన్నే ఎంఓయూ అంటారు. అందులో ఏ విషయాన్ని గాలికి వదిలేస్తారో, ఆ విషయం మీదే ఏడాది తిరక్కుండా మళ్లీ గొడవ వస్తుంది. అందుకే ఇక్కడ కోర్టు పద్ధతి కంటే ఆ కాగితం గురించే ఎక్కువ చెబుతున్నాం.

ముందు ఏ చట్టం వర్తిస్తుందో చూసుకోండి. హిందూ వివాహ చట్టం, 1955 కింద పెళ్లయినవారికి 13బి సెక్షన్. బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా ఈ చట్టం కిందికే వస్తారు. ఈ సెక్షన్ 1976 సవరణతో వచ్చింది; అంతకుముందు హిందువులకు పరస్పర అంగీకారంతో విడాకులనే దారి ఈ చట్టంలో లేదు. ప్రత్యేక వివాహ చట్టం, 1954 కింద రిజిస్టర్ పెళ్లి చేసుకున్నవారికి 28వ సెక్షన్. షరతులు దాదాపు అవే. క్రైస్తవులకు విడాకుల చట్టం, 1869లోని 10ఏ సెక్షన్. అందులో విడిగా ఉండాల్సిన కాలం రెండేళ్లని రాసి ఉంది. ముస్లింలలో ఇద్దరూ ఒప్పుకుని తెంచుకునే పద్ధతి ముబారాత్. దాని తీరు వేరు. ఇక్కడి నుంచి చెప్పేదంతా ప్రధానంగా 13బి గురించి.

అర్హతలు మూడు. పిటిషన్ వేసే నాటికి కనీసం ఏడాదిగా విడివిడిగా ఉంటూ ఉండాలి. కలిసి కాపురం చేయలేని పరిస్థితి ఉండాలి. పెళ్లి రద్దుకు ఇద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. విడిగా ఉండటమంటే రెండు వేర్వేరు ఇళ్లలోనే ఉండాలని కాదు. సురేష్టా దేవి కేసులో (1991) సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టం చేసింది: ఒకే కప్పు కింద ఉంటున్నా భార్యాభర్తల్లా బతకకపోతే అది విడిగా ఉన్నట్టే. ఇంటి అద్దె భారం వల్లో పిల్లల బడి వల్లో ఒకే ఇంట్లో ఉండిపోయినవారు ఆ మాట పిటిషన్‌లో ఉన్నదున్నట్టు రాయాలి. లేనిపోని వేరే చిరునామా సృష్టిస్తే ఆధార్, బ్యాంకు కాగితాల దగ్గర దొరికిపోతారు.

స్టాంపు పేపరు విడాకులు చెల్లవు

పెద్దమనుషుల ముందు కూర్చుని, స్టాంపు పేపరు మీద రాసుకుని, నోటరీ ముద్ర వేయించుకుంటే విడాకులైపోయాయని ఊళ్లలోనే కాదు, పట్నాల్లోనూ చాలామంది నమ్ముతారు. కాలేదు. హిందూ వివాహ చట్టంలోని 29(2) సెక్షన్ ఆచారం ప్రకారం వచ్చే విడాకులను గుర్తిస్తుంది. కానీ తమ కులంలో అలాంటి ఆచారం పూర్వం నుంచి ఎడతెగకుండా ఉందని ఆ మాట చెప్పేవారే కోర్టులో రుజువు చేసుకోవాలి. ఆ రుజువు లేకపోతే చట్టం దృష్టిలో మీరింకా భార్యాభర్తలే. అలాంటి కాగితాన్ని నమ్మి రెండో పెళ్లి చేసుకుంటే అది చెల్లదు. పైగా భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద నేరమవుతుంది. రెండో పెళ్లిలో పుట్టిన పిల్లల ఆస్తి విషయాలు, భార్యకు రావాల్సిన పెన్షను అన్నీ చిక్కుల్లో పడతాయి. పెద్దలు కూర్చుని మాట్లాడితే మంచిదే. ఆ మాటలను ఎంఓయూగా రాసుకుని కోర్టుకు తీసుకెళ్లండి.

ఒప్పంద పత్రంలో ఏముండాలి

మొదట స్త్రీధనం. పుట్టింటివారు పెట్టిన బంగారం, వెండి, పసుపు కుంకుమల కింద ఇచ్చిన స్థలం, పెళ్లిలో ఆమెకు వచ్చిన కానుకలు ఆమెవే. ప్రతిభా రాణి కేసులో (1985) సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చి చెప్పింది. వాటిని తిరిగి ఇవ్వడం భరణం ఇవ్వడం కాదు. బేరం కుదిర్చేవాళ్లు తరచుగా ఈ రెండింటినీ కలిపేసి, ‘నగలతో కలిపి ఇంత’ అని ఒకే అంకె చెబుతారు. ఆ లెక్కకు ఒప్పుకోకండి. స్త్రీధనానికి విడిగా జాబితా రాయండి: వస్తువు పేరు, గ్రాముల్లో బరువు, ఎవరి దగ్గర ఏ లాకర్లో ఉంది, ఏ తేదీన ఎవరికి అందింది. ‘పెళ్లి నగలన్నీ’ అని రాస్తే ఆ వాక్యం వల్ల ఒరిగేదేమీ లేదు. అప్పగించిన రోజు ఫొటో తీసి, రసీదు మీద ఇద్దరు సాక్షులతో సంతకం చేయించండి.

తర్వాత భరణం. నెలనెలా ఇచ్చేదా, ఒకేసారి ఇచ్చేదా అన్నది ఇద్దరి పరిస్థితిని బట్టి ఉంటుంది. సామరస్యంగా విడిపోయేవారికి ఒకేసారి ఇచ్చేయడమే నయం. నెలనెలా అంటే నెలనెలా ఒకరి ఫోన్ కోసం ఇంకొకరు ఎదురుచూడాలి. పన్ను లెక్క కూడా వేరు. ఒకేసారి వచ్చే మొత్తాన్ని మూలధనంగా చూసి పన్ను వేయరు. నెలనెలా వచ్చేదాన్ని మామూలుగా ఆదాయంగా లెక్కిస్తారు.

ఇవ్వడం ఎప్పుడన్నదే అసలు చిక్కు. మొత్తం ముందే ఇచ్చేస్తే, డిక్రీ, అంటే కోర్టు తుది ఉత్తర్వు, రాకముందే ఎదుటివారు మనసు మార్చుకోవచ్చు. ఆ హక్కు వారికుంది. డిక్రీ తర్వాత ఇస్తానంటే, తీసుకోవాల్సినవారి చేతిలో కాగితం తప్ప ఏమీ ఉండదు. నడిచే దారి ఒకటే: విడతలు. ఉదాహరణకు 12 లక్షలకు ఒప్పుకుంటే, మొదటి మోషన్ (ఇద్దరూ కోర్టుకు రావాల్సిన మొదటి వాయిదా) రోజున 4 లక్షలు, రెండో మోషన్ (కనీసం ఆరు నెలల తర్వాత ఇద్దరూ మళ్లీ వచ్చేది) రోజున కోర్టులో జడ్జి ముందు మిగిలిన 8 లక్షల డీడీ. డీడీ నంబరు, తేదీ కోర్టు రికార్డులో రాయించండి. ఇక్కడ చాలామంది ఒక చిన్న విషయంలో పొరబడతారు: డీడీకి గడువు మూడు నెలలే. మొదటి మోషన్ నాడు తీసిన డీడీని ఆరు నెలల తర్వాత పట్టుకొస్తే బ్యాంకు తీసుకోదు. రెండో వాయిదాకు ఒకటి రెండు వారాల ముందు తీయండి. డీడీ మీద పేరు బ్యాంకు ఖాతాలో ఉన్న పేరుతో అక్షరం తేడా లేకుండా కలవాలి. నగదు రూపంలో ఒక్క రూపాయి కూడా వద్దు. మధ్యలో ఎవరైనా అంగీకారం వెనక్కి తీసుకుంటే అప్పటిదాకా తీసుకున్న మొత్తం ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలో కూడా రాసుకోండి.

ఇల్లు, స్థలం ఒకరి పేరు మీదికి మార్చాలనుకుంటే ఆ పని డిక్రీకి ముందే చేసుకోవడం లాభం. భార్యాభర్తలుగా ఉన్నంతకాలం గిఫ్ట్ డీడ్ రాస్తే అది కుటుంబ సభ్యుల మధ్య బదిలీ కిందికి వస్తుంది కాబట్టి స్టాంపు సుంకంలో రాయితీ దొరుకుతుంది. ఆదాయపు పన్ను దృష్టిలోనూ బంధువు ఇచ్చిన కానుకే అవుతుంది. డిక్రీ వచ్చిన మర్నాటి నుంచి మీరు ఒకరికొకరు బంధువులు కారు. అయితే ఇక్కడా డబ్బు విషయంలో ఉన్న భయమే ఉంటుంది. రిజిస్ట్రేషన్‌ను రెండో మోషన్‌కు దగ్గరగా పెట్టుకుంటే ఇద్దరికీ నిశ్చింత.

ఉమ్మడి గృహరుణం ఉంటే ఇంకాస్త జాగ్రత్త కావాలి. ‘ఇకపై వాయిదాలు భర్తే కడతారు’ అని మీరిద్దరూ రాసుకున్నా బ్యాంకును ఆ మాట కట్టిపడేయదు. ఆయన కట్టడం ఆపేస్తే బ్యాంకు ఆమెనూ అడుగుతుంది, ఆమె సిబిల్ స్కోరూ పడిపోతుంది. అందుకని సహ రుణగ్రహీత పేరు తీసేయడానికి బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. లేదా ఉన్న రుణాన్ని తీర్చేసి ఒకరి పేరు మీదే కొత్త రుణం తీసుకోవాలి. ఒకరి జీతం మీదే రుణం ఇవ్వడానికి బ్యాంకు ఒప్పుకోకపోతే ఇల్లు అమ్మి పంచుకోవడం గురించి ఆలోచించాల్సి వస్తుంది. ఈ సంగతి ఎంఓయూ రాసే ముందే తెలుసుకోండి, సంతకాలయ్యాక కాదు.

పిల్లలు

ఐదేళ్ల లోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం, 1956 చెబుతుంది. ఆపై వయసుకు కోర్టు చూసేది పిల్లల మేలు ఒక్కటే. తల్లిదండ్రులు ఏం రాసుకున్నా, పిల్లల మేలు కోసం ఆ ఏర్పాటును తర్వాత మార్చే అధికారం హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద కోర్టుకు ఉంటుంది. ‘పిల్లల కోసం ఇక ఏమీ అడగను’ అని తల్లి సంతకం పెట్టినా అది పిల్లల హక్కును తీసేయదు. ఎందుకంటే ఆ హక్కు ఆమెది కాదు, పిల్లలది. డబ్బు తగ్గించుకోవడానికి ఈ వాక్యం పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

‘తండ్రి వీలున్నప్పుడు చూడవచ్చు’ అన్న వాక్యం గొడవలకు మూలం. దాని బదులు ఇలా రాయండి: ప్రతి నెలా రెండో, నాలుగో శనివారం ఉదయం 10 గంటల నుంచి ఆదివారం సాయంత్రం 6 గంటల వరకు, అప్పగించే చోటు ఏది, వేసవి సెలవుల్లో ఎన్ని రోజులు, సంక్రాంతి, దసరా ఏ ఏడాది ఎవరి దగ్గర, మిగిలిన రోజుల్లో వీడియో కాల్ ఏ సమయానికి. ఒక శనివారం కుదరకపోతే ఎన్ని గంటల ముందు చెప్పాలి, దానికి బదులు ఏ రోజు అన్నది కూడా. రాస్తున్నప్పుడు మరీ లెక్కలేసుకుంటున్నట్టు అనిపిస్తుంది. కానీ ఇంత వివరం ఉంటే పిల్లవాడి ముందు వాదించుకోవాల్సిన అవసరం తగ్గుతుంది. ఇది వాడి కోసమే.

ఖర్చుల్లో ఫీజొక్కటే కాకుండా పుస్తకాలు, బస్సు, ఆరోగ్య బీమా, పెద్ద జబ్బు వస్తే ఆసుపత్రి ఖర్చు ఎవరెంత భరిస్తారో విడివిడిగా రాయండి. ఏటా ఎంత శాతం పెరగాలో చెప్పండి. 18 ఏళ్లతో ఆపేస్తారా, డిగ్రీ పూర్తయ్యే వరకా అన్నదీ తేల్చుకోండి. ఇంజినీరింగ్ సీటు వచ్చేది సరిగ్గా ఆ వయసులోనే. పాస్‌పోర్టు దరఖాస్తులకు ఇద్దరూ సంతకం పెడతారా, విదేశానికి తీసుకెళ్లాలంటే ఎవరి అనుమతి కావాలి, ఊరు మారితే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవి మరిచిపోకండి.

ఉన్న కేసులు

ఇద్దరి మధ్య ఇప్పటికే కేసులుంటే ప్రతి కేసు నంబరు, కోర్టు పేరు, ఏ దశలో ఉందో రాసి, దాన్ని ఎవరు ఎప్పుడు ముగిస్తారో చెప్పండి. గృహహింస కేసు, మనోవర్తి కేసు వేసినవారే వెనక్కి తీసుకోవచ్చు. 498ఏ కేసు (భర్త, అత్తింటివారి వేధింపుల మీద పెట్టేది) అలా కాదు. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్. దాన్ని ఫిర్యాదు చేసినవారు ‘వాపసు తీసుకున్నాను’ అన్నంత మాత్రాన ముగియదు. రాజీ కుదిరిందని హైకోర్టుకు చెప్పుకుని, భారతీయ నాగరిక సురక్షా సంహిత 528వ సెక్షన్ కింద కేసు కొట్టేయించుకోవాలి. దానికి భార్య అఫిడవిట్ కావాలి, అవసరమైతే ఆమె హాజరు కావాలి. డబ్బు అందిన ఎన్ని రోజుల్లోగా ఆ అఫిడవిట్ ఇస్తారో ఎంఓయూలో తేదీతో రాయండి. అత్తమామలు, ఆడపడుచుల పేర్లు ఎఫ్ఐఆర్‌లో ఉంటే వాళ్లందరినీ అందులో చేర్చండి.

పిటిషన్ వేయడం

ఇద్దరూ కలిసి ఒకే పిటిషన్ వేస్తారు. పెళ్లి జరిగిన ఊరు, చివరిసారి కలిసి కాపురం చేసిన ఊరు, ప్రస్తుతం భార్య ఉంటున్న ఊరు, వీటిలో ఏ ఊరి పరిధిలోని కోర్టులోనైనా వేయవచ్చు. కుటుంబ న్యాయస్థానం ఉన్న చోట అందులోనే వేయాలి. తెలుగు రాష్ట్రాల్లో అది లేని చోట మామూలుగా సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో హెచ్ఎంఓపీ (హిందూ మ్యారేజ్ ఒరిజినల్ పిటిషన్)గా వేస్తారు.

కావాల్సిన కాగితాలు: పెళ్లి పత్రిక, పెళ్లి ఫొటో, ఉంటే వివాహ ధ్రువపత్రం, ఇద్దరి ఆధార్, చిరునామా రుజువులు, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు, పిల్లల జనన ధ్రువపత్రాలు, విడిగా ఉంటున్నట్టు చూపే అద్దె ఒప్పందం లాంటిది, ఎంఓయూ. పెళ్లి రిజిస్టర్ కాలేదని దిగులు వద్దు. పత్రిక, ఫొటో, మీ ఇద్దరి అఫిడవిట్లు పెళ్లిని రుజువు చేయడానికి సరిపోతాయి.

కోర్టు ఆఫీసు పిటిషన్‌ను వెనక్కి పంపేది ఎక్కువగా చిన్నచిన్న తేడాల వల్లే. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, పెళ్లి పత్రికలో ఇంకోలా. పెళ్లి తర్వాత మార్చుకున్న పేరు ఒకచోటే ఉండటం. పిటిషన్‌లో విడిపోయిన తేదీ ఒకటి, పాత మనోవర్తి కేసులో రాసింది మరొకటి. పేర్ల తేడాలుంటే రెండు పేర్లూ రాసి ‘అని కూడా పిలువబడే’ అని చేర్చండి. తేదీల తేడాలుంటే వకీలుతో కూర్చుని పాత కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇంకొక మాట: సామరస్యంగా పోయే పిటిషన్‌లో పాత నిందలు రాయాల్సిన అవసరం లేదు. ‘స్వభావాల్లో పొంతన కుదరలేదు’ అన్న ఒక్క వాక్యం చాలు. నిందలు రాసేకొద్దీ సంతకం పెట్టాల్సినవారి మనసు విరుగుతుంది.

ఒకే వకీలు ఇద్దరి తరఫునా పిటిషన్ నడపవచ్చు. కానీ ఎంఓయూ మీద సంతకం పెట్టేముందు ఎవరికివారు వేరే వకీలుకు చూపించుకోవాలి. ఖర్చు భయముంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. న్యాయసేవల అధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెడతారు. ఎస్సీ, ఎస్టీ వర్గాలవారికీ అంతే.

మొదటి మోషన్ నుంచి రెండో మోషన్ వరకు

మొదటి వాయిదాకు ఇద్దరూ రావాలి. జడ్జి అడిగేవి సూటిగా ఉంటాయి: పెళ్లి ఎప్పుడైంది, ఎప్పటి నుంచి విడిగా ఉంటున్నారు, పిల్లలున్నారా, ఎవరి దగ్గరున్నారు, ఇవ్వాల్సింది ఇచ్చారా, ఎవరైనా బలవంతం చేశారా. చివరి ప్రశ్న లాంఛనం కాదు. బలవంతం, మోసం వల్ల వచ్చిన అంగీకారం కాదని కోర్టు తృప్తి పడాలని హిందూ వివాహ చట్టం 23వ సెక్షన్ చెబుతుంది. తెలుగులోనే, ఉన్నదున్నట్టు చెప్పండి. కలిసి ఉండే వీలేమైనా ఉందేమోనని కోర్టు కౌన్సెలింగ్‌కు పంపవచ్చు. అది చట్టం కోర్టు మీద పెట్టిన బాధ్యత. విసుక్కోకుండా వెళ్లి రండి.

పిటిషన్ వేసిన తేదీ నుంచి ఆరు నెలలు గడిచాక, 18 నెలలు దాటకముందు ఇద్దరూ మళ్లీ రావాలి. అదే రెండో మోషన్. ఆ 18 నెలలు దాటనిస్తే ఆ పిటిషన్ మీద డిక్రీ ఇచ్చి తీరాలన్న బాధ్యత కోర్టుకు ఉండదు. ఉద్యోగరీత్యా ఊళ్లు మారినవారు ఈ గడువును క్యాలెండర్‌లో రాసుకోవాలి. ఈ మధ్యకాలంలో ఎవరైనా సరే, ఎదుటివారి అనుమతితో పనిలేకుండా అంగీకారాన్ని ఉపసంహరించుకోవచ్చు. డిక్రీ వెలువడే క్షణం వరకూ ఇద్దరి అంగీకారం నిలిచి ఉండాలి.

ఆరు నెలలు తప్పనిసరేమీ కాదని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పిటిషన్ వేసే నాటికే ఏడాదిన్నర విడిగా ఉండి, రాజీ ప్రయత్నాలు విఫలమై, భరణం, పిల్లల విషయం పూర్తిగా తేలిపోయి, ఆగడం వల్ల బాధ పెరగడం తప్ప ఉపయోగం లేదనిపిస్తే కోర్టు ఆ గడువును మాఫీ చేయవచ్చు. మొదటి మోషన్ అయిన వారం తర్వాత ఇందుకు విడిగా అర్జీ పెట్టాలి. ఈ అర్జీలు వీగిపోయేది ఎక్కువగా ఎంఓయూలో ఏదో ఒకటి ‘తర్వాత చూసుకుంటాం’ అని వదిలేసినప్పుడే. తేలని విషయం కనిపిస్తే ఆగమనడానికి కోర్టుకు అదే కారణం.

ఒకరు విదేశంలో ఉంటే వీడియో ద్వారా హాజరు కావడానికి, తల్లిదండ్రులో తోబుట్టువులో ప్రతినిధిగా నిలబడడానికి కోర్టు అనుమతించవచ్చని అదే తీర్పులో ఉంది. అక్కడి నుంచి పంపే పవరాఫ్ అటార్నీని భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించాలి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. అమెరికా కోర్టులో సులువుగా అయిపోతుందని అక్కడే విడాకులు తీసుకునేవారు తిరుపతిలో జరిగిన పెళ్లికి సంబంధించిన వై. నరసింహారావు కేసు (1991) గురించి తెలుసుకోవాలి. అక్కడి డిక్రీ ఇక్కడ చెల్లాలంటే పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కారణం మీదే అది ఉండాలి, లేదా ఇద్దరూ ఇష్టపూర్వకంగా ఆ కోర్టుకు లోబడి ఉండాలి. ఇద్దరి పెళ్లీ ఇక్కడిదైతే ఇక్కడే 13బి కింద వెళ్లడం నిశ్చింత.

డిక్రీ చేతికొచ్చాక

ఆ రోజే సర్టిఫైడ్ కాపీలకు దరఖాస్తు పెట్టండి. ఒక్కొక్కరు మూడు నాలుగు తీసుకోండి. బ్యాంకు ఒకటి, పాస్‌పోర్టు ఆఫీసు ఒకటి, రేపు మరో పెళ్లి రిజిస్టర్ చేయాలంటే ఇంకొకటి అడుగుతారు. కాపీ అందగానే పేర్లు, పెళ్లి తేదీ, ఎంఓయూను డిక్రీలో భాగంగా చేర్చారో లేదో చదవండి. ఎంఓయూ డిక్రీలో భాగం కాకపోతే, దాన్ని అమలు చేయించుకోవడం చాలా కష్టం. రాతలో తప్పులుంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 152వ సెక్షన్ కింద సరిదిద్దించుకోవచ్చు. వెంటనే చేస్తే చిన్న పని, ఐదేళ్ల తర్వాత పెద్ద పని.

కుటుంబ న్యాయస్థానం ఇద్దరి అంగీకారంతో ఇచ్చిన డిక్రీ మీద అప్పీలు ఉండదు. అయినా మళ్లీ పెళ్లి చేసుకోవాలనుకునేవారు 90 రోజులు ఆగితే మంచిది. డిక్రీ సీనియర్ సివిల్ జడ్జి కోర్టు నుంచి వచ్చిందైతే తప్పక ఆగండి.

చివరిగా నామినీలు. పీఎఫ్, జీవిత బీమా, బ్యాంకు ఖాతాలు, మ్యూచువల్ ఫండ్లు, డీమ్యాట్, ఆఫీసు గ్రాట్యుటీ కాగితాల్లో మాజీ భాగస్వామి పేరే ఉండిపోతుంది. డిక్రీ వచ్చినంత మాత్రాన ఏ ఆఫీసూ దాన్ని తనంతట తాను మార్చదు. రేపు మీకేదైనా అయితే మీ అమ్మానాన్నలో పిల్లలో ఆ డబ్బు కోసం మళ్లీ అదే కోర్టు వరండాలో నిలబడాల్సి వస్తుంది. వీలునామా ఉంటే దాన్నీ తిరగరాయండి. ఉమ్మడి ఖాతా, లాకరు మూసేయండి. ఫోన్ నంబరు, మెయిల్ ఎవరి పేరు మీద ఉన్నాయో చూసుకుని, ఆధార్‌కు, బ్యాంకుకు అనుసంధానమైన నంబరు మీ సొంతదిగా మార్చుకోండి. లేకపోతే మీ ఓటీపీలన్నీ ఎదుటివారి ఫోన్‌కే వెళుతుంటాయి.